చూపించే విద్య: చీరాల రుమాలు నుండి ప్రదర్శనశాల వరకు

వస్తువును తయారుచేయటం ఒక విద్య. దానిని చెడకుండా భద్రపరచటం మరొక విద్య. ఆ వస్తువును పదిమంది ఎదుట ఉంచి, అది ఏమిటో, ఎవరిదో, ఏ అవసరానికి పుట్టిందో చూపరులకు బోధపడేటట్లు అమర్చటం మూడవ విద్య. మొదటి రెండింటిని గురించి తెలుగులో ఎంతోకొంత వ్రాయబడింది. మూడవదానిని గురించి వ్రాసినవారు అరుదు. హైదరాబాదు పోయి సాలార్ జంగ్ అజాయబ్‌ఖానా చూచివచ్చిన మనిషి గంటకొట్టే గడియారాన్ని గురించి చెబుతాడు, మేలిముసుగు రెబెక్కాను గురించి చెబుతాడు. వాటిని ఆ గదిలో, ఆ వెలుగులో, ఆ ఎత్తున నిలిపిన వాడొకడు ఉన్నాడని మాత్రం తలచడు. నిజానికి అలా తలపుకు రాకుండా పనిచేయటమే ఆ ఉద్యోగంలోని నేర్పు.

ఈ విద్య చరిత్రను పరిశీలించటానికి వాడరేవు నుండి బయలుదేరటం కొందరికి వింతగా తోచవచ్చును. చీరాలకు సుమారు ఆరేడు కిలోమీటర్ల దూరాన సముద్రపు ఒడ్డున ఉన్న ఈ గ్రామం మొదట గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. ఓడరేవు అనే మాటే నోటవాడుకలో వాడరేవు అయింది. ఈ తీరమంతా పాత వర్తక తీరం. సమీపంలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ వేయించిన అభయ శాసనం ప్రసిద్ధమే. ఉత్తరాన నిజాంపట్నంలో 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు కొఠీలు పెట్టుకున్నారు. అప్పటికి ఈ సీమ గోల్కొండ కుతుబ్ షాహీ సుల్తానుల ఏలుబడిలో ఉంది. పరాయి వర్తకులను ఇక్కడకు రప్పించినది బంగారం కాదు, గుడ్డ. ఆ గుడ్డకు ఎరుపునిచ్చే చిరివేరు ఈ ఇసుక నేలల్లో పెరిగేది.

ఆ గుడ్డల సంతతిలో కడపటిది, అరబ్బు దేశాలలో కూడా వాసికెక్కినది చీరాల రుమాలు. దీనికే తేలియా రుమాలు అని పేరు. ఎగుమతి వర్తకులు ఆసియా రుమాలు అనేవారు. నూలును ఆముదపు కాయల బూడిద నీటిలోను, నూనెలోను అనేక దినాలు నానవేసి, పిసికి, ఆరవేసి, మళ్ళీ నానవేసేవారు. అలా నూనె పట్టిన నూలు ఎర్రరంగును గట్టిగా పట్టుకుంటుంది. నేసిన తరువాత కూడా గుడ్డలో నూనె వాసన పోదు. తేలియా అనే ఉర్దూ మాట అలా వచ్చింది. పడుగునూ పేకనూ రెంటినీ ముందుగా లెక్కప్రకారం ముడులు కట్టి అద్ది, మగ్గం మీద ఆ రెండు లెక్కలూ ఒకదానిపై ఒకటి సరిగా కూర్చునేలా నేయటం దీనిలోని ప్రత్యేకత. ఒక్క పోగు జరిగినా చుక్క చెదురుతుంది. రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. నేసినవారు పద్మశాలి, దేవాంగ కులాలకు చెందిన హిందూ సోదరులు. ధరించినవారిలో ఈ తీరపు బెస్తవారు, పశువుల కాపరులు ఉన్నారు. వారికి అది తలగుడ్డ, లుంగీ. హైదరాబాదు ముస్లిం కుటుంబాల స్త్రీలకు అదే దుపట్టా. ఏడెను మొదలు పారసీక సింధుశాఖ రేవుల వరకు అరబ్బులకు అది తలపాగా. నూనె పట్టిన గుడ్డ ఎండలో తలకు చలువనిస్తుందనీ, దుమ్మును ఆపుతుందనీ వారు మెచ్చుకునేవారట.

పాత రుమాళ్ళలో చదరాలు, చుక్కలు, గళ్ళు మాత్రమే ఉండటానికి ముస్లిం కొనుగోలుదార్ల అభిరుచే కారణమని సాధారణంగా చెబుతారు. ఇందులో సత్యం లేకపోలేదు. అయితే ముడికట్టి అద్దే పనిలో సరళరేఖ, చదరం సహజంగానే ముందు వస్తాయి. ప్రతిదానినీ మతానికి ముడిపెట్టడం తేలిక, మగ్గం ముందు కూర్చుని ఆలోచించటం కష్టం. తరువాతి కాలంలో ఇవే రుమాళ్ళపై సింహాలు, ఏనుగులు, గడియారాలు, ఆకాశంలో ఎగిరే విమానాలు కూడా వచ్చాయి. నేతగాడు కొత్త లోకాన్ని తన పాత లెక్కలోకి దించుకున్నాడు.

ఇక ఈ గుడ్డ అద్దాల బీరువాలోకి ఎలా వెళ్ళిందో చూద్దాం.

1851లో లండనులో స్ఫటిక భవనపు మహాప్రదర్శన జరిగింది. సరిగా అదే కాలంలో మన ప్రాంతానికి రాజధాని అయిన మద్రాసులో రెండు సంస్థలు వెలిశాయి. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ కళాపాఠశాలను ఆరంభించారు. 1851లో ప్రభుత్వ మ్యూజియం ఏర్పడి డాక్టర్ ఎడ్వర్డ్ బాల్ఫోర్ చేతికి వచ్చింది. పారశీ, ఉర్దూ భాషలు ఎరిగిన ఈ బాల్ఫోరే మద్రాసులోని మహమ్మదన్ గ్రంథాలయ స్థాపనకు కూడా పాటుపడ్డారన్నది మన పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం. ఒకచోట చేయటం నేర్పితే మరొకచోట చూపటం జరిగింది. అయితే చూపటం ఎలాగో నేర్పే బడి మాత్రం రాలేదు. ప్రదర్శన అనేది వైద్యులు, దొరలు తీరిక వేళల్లో చేసే పనిగానే శతాబ్దం పాటు సాగింది.

1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి భారతదేశపు వస్త్రాల నుండి 700 నమూనాలు కత్తిరించి, 18 సంపుటాలుగా అతికించి, అటువంటివి 20 ప్రతులు తయారుచేయించాడు. పదమూడు బ్రిటన్‌లో ఉంచి ఏడింటిని భారతదేశానికి పంపారు. ఇక్కడి ప్రజలు ఏమి కడతారో చూచి అక్కడి మిల్లులు అదే నేసి ఇక్కడ అమ్మటానికే ఈ ఏర్పాటు. ఉద్దేశం మన నేతగాని నోటిలో మన్ను కొట్టేది. కాని పద్ధతిని చూడండి. అతడు గుడ్డలను నేతరకాన్ని బట్టి కాక వాడకాన్ని బట్టి వర్గీకరించాడు: ఇది తలపాగా, ఇంత పొడవు, ఇలా చుడతారు, ఇది లుంగీ, వీరు కడతారు అని. అమ్మదలచినవాడికి కొనేవాని తల తెలియాలి గదా! తరువాత వచ్చిన కళాభిమానులు గుడ్డను ప్రేమించారు, దానిని చుట్టుకున్న తలను మరిచారు.

రాతి విషయంలోనూ ఇదే జరిగింది. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన అమరావతి స్తూపపు పలకలు 1859లో లండను చేరి, చోటులేక మూలపడి, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. మద్రాసులో మిగిలినవాటిని గోడలో సిమెంటుతో పొదిగించారు. ఎత్తి తిప్పి వెనుకవైపు చూచే వీలు లేకుండా పోయింది. చూపేవాడికి శిక్షణ లేకపోతే దొంగతనం కన్న ఎక్కువ నష్టమే జరగగలదనటానికి గుంటూరు జిల్లా వాసులకు ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు.

ముస్లిం కళ విషయంలో ప్రదర్శన పద్ధతిని గురించి మొట్టమొదట తీవ్రంగా ఆలోచించినది 1910 మ్యూనిక్ ప్రదర్శన. అప్పటివరకు యూరపులో తూర్పు దేశాల వస్తువులంటే తివాచీలు వేలాడదీసి, హుక్కాలు పేర్చి, బజారు సందులాగ అమర్చేవారు. వేయిన్నొక్క రాత్రుల కథల నీడ అది. ఫ్రెడరిక్ సారే మొదలైన పండితులు దానిని తోసివేసి, 80 గదులలో మూడున్నర వేలకు పైగా వస్తువులను విశాలంగా, నిరాడంబరంగా ఉంచారు. ఒక గిన్నె, దానిచుట్టూ ఖాళీ గోడ. చూపరులు చాలామంది నిరుత్సాహపడ్డారు, ఎందుకంటే వారు బజారు చూడవచ్చారు. కాని ఇస్లామీయ కళను కళగా ఎంచిన గౌరవం ఆ ఖాళీ గోడలో ఉంది.

అంతకుముందే కైరోలో మరొక చిక్కు వచ్చింది. 1880లలో అరబ్బు కళా మ్యూజియం అల్ హాకిం మసీదు ఆవరణలోనే మొదలై, 1903లో సొంత భవనానికి మారింది. శిథిలమవుతున్న మసీదుల దీపాలను అందులోకి చేర్చారు. దీపం నిలిచింది. వెలగటం మానింది. అలా చేర్చకపోతే ఆ గాజు దీపాలు విదేశీ వర్తకుల పాలయ్యేవన్న మాటా నిజమే. ఇటువంటి చోట్ల తీర్పు చెప్పటం సులభం కాదు.

ఈ చిక్కు ముడికి చీరాలతో ఒక అనుబంధం ఉంది. 1921లో పురపాలక పన్నులకు నిరసనగా చీరాల, పేరాల ప్రజలు వేలమంది ఇళ్ళు వదలి ఊరిబయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని సుమారు పదకొండు నెలలు గడిపారు. వారి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన రామదండును ఎరుగనివారు ఆంధ్రదేశంలో లేరు. అంతకు నాలుగేండ్ల ముందు, 1917లో, ఆయన ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆంగ్లంలోకి తెచ్చిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం దానిని ప్రచురించింది. కుమారస్వామి ఆ సంవత్సరమే బోస్టన్ లలితకళా మ్యూజియంలో చేరి, 1947లో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. కళావస్తువులను ప్రదర్శించటం ఎందుకు అన్న ప్రశ్ననే పేరుగా పెట్టి 1943లో ఒక గ్రంథం వెలువరించారు. మ్యూజియంలోని ఏ పాతవస్తువూ మ్యూజియం కోసం పుట్టలేదని, అది ఏ పనికి పుట్టిందో చూపరికి తెలియజెప్పటమే పాలకుని ధర్మమని, వట్టి కంటి ఆనందంతో పంపివేయరాదని ఆయన వాదం. సూఫీ సాహిత్యాన్ని కూడా లోతుగా చదివిన ఆ పండితుడు ఇస్లామీయ కళను గురించి ఇదే దృష్టితో వ్రాశారు. చీరాల వీరుని సహచరుడు అడిగిన ఈ ప్రశ్న చీరాల రుమాలుకు ఎంతగా వర్తిస్తుందో చెప్పనక్కరలేదు.

వర్తించిన సందర్భం 1955లో వచ్చింది. న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియంలో భారతీయ వస్త్రాల ప్రదర్శన జరిగింది. దానిని అమర్చిన అలెగ్జాండర్ గిరార్డ్ ఒక ఊహా బజారును నిర్మించాడు. నేలపై నీటి కొలను, బంగారుపూత స్తంభాలు, కొలను మీద వేలాడే చీరెలు. మ్యూనిక్‌వారు నలభై అయిదేండ్ల క్రితం తలుపు మూసిన బజారు కిటికీలోనుండి మళ్ళీ వచ్చింది! చూడటానికి అద్భుతంగా ఉన్నదని అందరూ అన్నారు, ఉండే ఉంటుంది. ఆ ప్రదర్శనతో సంబంధమున్న శ్రీమతి పుపుల్ జయకర్ అదే ఏడు చీరాల రుమాళ్ళ కుటుంబానికి చెందిన ముడి అద్దకపు వస్త్రాలను గురించి, నిర్లక్ష్యానికి గురైన వర్గంగా పేర్కొంటూ, ఒక పరిశోధన వ్యాసం వ్రాశారు. న్యూయార్కులోనే ఆమెకు చార్లెస్ ఈమ్స్ అనే రూపశిల్పితో పరిచయమయింది. ఆ పరిచయం నుండి 1958లో ఈమ్స్ దంపతుల ఇండియా నివేదిక, దాని నుండి 1961లో అహమదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ పుట్టాయి. మన రాగిచెంబును గొప్ప రూపశిల్పానికి ఉదాహరణగా ఎత్తిచూపినది ఆ నివేదికే.

స్వతంత్ర భారతంలో ప్రదర్శన రూపకల్పన చేతిపనిగా నేర్పబడటం అక్కడే మొదలు. 1965లో న్యూయార్కులో ఆరంభమయిన నెహ్రూ ప్రదర్శనను ఈమ్స్ దంపతులు ఈ సంస్థవారితో కలిసి తయారుచేశారు. యువకులు పనిచేస్తూనే నేర్చుకున్నారు: ఛాయాచిత్రాన్ని ఏ కొలతకు పెంచాలి, మనిషి ఎన్ని అడుగులు వేసి ఆగుతాడు, ఎన్ని మాటలు నిలబడి చదువుతాడు అని. మ్యూజియం పాలన విద్య అంతకుముందే 1952లో బరోడా విశ్వవిద్యాలయంలో ప్రారంభమయింది. ఢిల్లీలో జాతీయ మ్యూజియం సంస్థ 1989లో వచ్చింది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో సైతం మ్యూజియాలజీ విభాగం ఉన్నది. మన పిల్లలలో ఎందరు ఆ దరఖాస్తు నింపుతున్నారన్నది వేరే ప్రశ్న.

బడులు లేని కాలంలో హైదరాబాదు ఈ విద్యను తన పద్ధతిలో పెంచుకున్నది. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని అధిపతిగా నియమించింది. అజంతా చిత్రాలు రాలిపోకుండా ఇటలీ నుండి నిపుణులను 1920లో రప్పించారు. అంతకుముందే 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హాం బృందంలో హైదరాబాదు చిత్రకారులు సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజలుద్దీన్ అజంతా గుహల్లో కూర్చుని నకళ్ళు వ్రాశారు. సయ్యద్ అహ్మద్ తరువాత అజంతాకే సంరక్షకులయ్యారు. ఆయన నకళ్ళు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ప్రదర్శింపబడ్డాయి. బౌద్ధుల చిత్రాలకు ముస్లిం చిత్రకారుడు జీవితాన్ని ధారపోయటంలో ఆనాడు ఎవరికీ వింత కనబడలేదు. గుహ చీకటిలో కండ్లు చిట్లించుకుని గీత వెంట గీత వ్రాసిన ఆ నకలు పనే అతనికి బడి. గుహకు పోలేనివారికి గుహను తెచ్చి చూపటం, ప్రదర్శన కళలో ఇంతకన్న మౌలికమైన పాఠం ఏమున్నది?

మూడవ సాలార్ జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949 మార్చి 2న సంతానం లేకుండా మరణించారు. దివాన్ దేవిడీ గదుల్లో పేరుకున్న సేకరణను ఎస్టేటు కమిటీ, కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ సహాయంతో అమర్చింది. 1951 డిసెంబరు 16న నెహ్రూ దానిని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యంగల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి తరలింది. ఈ తరలింపులో పెద్ద మార్పు జరిగింది. దేవిడీలో వస్తువులు ఒక మనిషి ఇంటిలో ఉన్నట్లు ఉండేవి. కొత్త భవనంలో దేశాలవారీగా, రకాలవారీగా విడిపోయాయి. చదువుకునేవానికి రెండవది మేలు. కాని ఆ నవాబు ఎటువంటి కంటితో వీటిని కొన్నాడో తెలుసుకోవాలంటే మొదటిదే కావాలి. లాభనష్టాలను బేరీజు వేసి ఒకదానిని ఎంచుకోవటం ఆ వృత్తిలో రోజూ జరిగే పని.

ఆ మ్యూజియంలోని ఒక వస్తువును తీసుకుని ఈ పని ఎలా ఉంటుందో చూద్దాం. ప్రఖ్యాత లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ వ్రాసిన దివ్య ఖుర్ఆన్ ప్రతి అక్కడ ఉన్నది. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలు దానిపై ఉన్నాయి. అటువంటి గ్రంథానికీ, అలాగే అద్దిన గుడ్డకూ 50 లక్స్‌కు మించిన వెలుగు పడరాదన్నది నియమం. వాడరేవు ఇసుకపై మిట్టమధ్యాహ్నం పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుందంటే ఆ గది ఎంత మసకగా ఉండాలో ఊహించవచ్చును. పడిన వెలుగు సిరాలో, రంగులో జమ అవుతూనే ఉంటుంది, చీకట్లో పెట్టినంతమాత్రాన ఆ నష్టం తీరదు. అందుచేత తెరిచిన పుటను మధ్యమధ్య మారుస్తూ ఉండాలి. ఏ పుట తెరవాలన్నది అందాన్ని బట్టియా, అర్థాన్ని బట్టియా? గ్రంథం వెన్ను విరగకుండా ఎంత కోణంలో ఆనించాలి? మోకాలి ఎత్తున పెడితే పసివాడికి కనబడుతుంది, కాని ఒక ముస్లిం చూపరికి మనసు చివుక్కుమంటుంది. ఆ చివుక్కుమనటం కొలతల పుస్తకంలో ఉండదు. ఇంట్లో రెహల్ మీద ఖుర్ఆన్ పెట్టి చదివిన పిల్లవాడికి చెప్పకుండానే తెలుస్తుంది. ఈ వృత్తిలో ముస్లిం యువతీయువకులు ఉండవలసిన అవసరం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ఇది ఉద్యోగాల వాటా అడగటం మాత్రమే కాదు, పనిలోకి ఒక తెలివిడిని తెచ్చి చేర్చటం. 2008లో దోహాలో తెరిచిన ఇస్లామీయ కళా మ్యూజియానికి భవనం కట్టినది ఐ. ఎం. పీ, లోపలి గదులను తీర్చినది ఫ్రాన్సు దేశస్థుడైన విల్మోట్. పని చాలా గొప్పగా ఉన్నదని అందరూ ఒప్పుకుంటారు. మన చేతులు ఆ పనిలో లేకపోవటానికి కారణం ఎవరో అడ్డగించటం కాదు, మనం బడికి పోకపోవటం.

బడి ఇప్పుడు దూరాన కూడా లేదు. ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ 2015లో గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తరగతులు ఆరంభించింది. 2019 చట్ట సవరణతో దానికి జాతీయ ప్రాముఖ్య హోదా వచ్చింది. ఇంటర్మీడియెట్ తరువాత నాలుగేండ్ల చదువు. పారిశ్రామిక, వస్త్ర, సమాచార రూపకల్పన అని మూడు శాఖలు. ప్రదర్శన రూపకల్పనను ప్రత్యేక శాఖగా చదవదలచినవారు అహమదాబాదు పోవలసిందే. ప్రవేశానికి రెండు దశల పరీక్ష ఉంటుంది. బట్టీపట్టినది అందులో పనికిరాదు. చూచినదాన్ని గీయటం, చేతికి అందిన వస్తువులతో ఒక రూపం నిలబెట్టటం, ఆలోచనను విడమరచి చెప్పటం పరీక్షిస్తారు. మన ఇళ్ళలో బొమ్మలు గీసే పిల్లవాడిని లెక్కలు చేయమని కూర్చోపెట్టే తండ్రులు ఈ సంగతి గమనించాలి. అరబ్బీ లిపిని మదరసాలో పలకమీద దిద్ది దిద్ది నేర్చిన చేయి గీతకు కొత్తది కాదు.

తేలియా రుమాలు నేత చీరాల నుండి తెలంగాణలోని పుట్టపాకకు వ్యాపించి అక్కడే నిలదొక్కుకుంది. ఆ ఊరి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ లభించింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అది పుట్టపాక పేరున నమోదయింది. ఇందులో అన్యాయమేమీ లేదు, నేస్తున్నవారికే గుర్తింపు దక్కింది. చీరాల పేరు మ్యూజియం చీటీల్లో మిగిలింది. ఆ చీటీలు కూడా సాధారణంగా నేతరకం, రంగు, కొలత, ఊరు, శతాబ్దం చెప్పి ఊరుకుంటాయి. నేసిన సగం అక్కడ ఉన్నది. కట్టిన సగం లేదు.

ఆ రెండవ సగం ఇంకా కొన్ని ఇళ్ళలో, ట్రంకు పెట్టెల అడుగున ఉండవచ్చు. దానిని వ్రాసుకునేవారు అడగవలసినవి కొన్నే. రుమాలును ఎవరు కొన్నారు, ఏ ఊరిలో, ఏ సంవత్సరం. తలకు చుట్టారా, భుజాన వేశారా, చుడితే ఎన్ని మడతలు. హజ్ యాత్రకు వెంట తీసుకువెళ్ళారా. ఇంట్లో దానిని ఏ పేరుతో పిలిచేవారు. నూనె వాసన పోగొట్టటానికి ఉతికారా, ఉంచుకున్నారా. జవాబు చెప్పినవారి మాటను వారి మాటగానే, ఉర్దూ అయితే ఉర్దూలోనే, వ్రాసుకోవాలి. గుడ్డను మడతపెట్టకుండా గొట్టానికి చుట్టి, మధ్య ఆమ్లం లేని కాగితం వేసి ఉంచాలి. మడత పడిన చోటే నూలు ముందుగా తెగుతుంది.